మేస్త్రీ మామ గరుకు చేసిన నేల

పోయిన శుక్రవారం పొద్దున మా బండల మేస్త్రీ మామ కన్నుమూశాడు. వీధి చివరి నుంచి వాళ్ళ కోడలు వచ్చి చెప్పింది. తెల్లవారి నమాజుకు లేచి, ఒళ్ళు బాగలేదని మళ్ళీ పడుకున్నాడట. అంతే.

బేతంచెర్లలో బండలు పరిచేవాళ్ళకు కొదవ లేదు. కానీ ఒట్టి పాదాలతో నేల మీద నడిచి, ఎక్కడ వాలు ఉందో చెప్పేవాడు నాకు తెలిసి ఈయనొక్కడే. "బండది తప్పుండదు పాపా, పరిచినోడిదే" అనేవాడు.

ఆరేళ్ళ కిందట నంద్యాల రోడ్డులో బైకు మీంచి పడి నా వెన్నుపాము దెబ్బతింది. అప్పటినుంచీ చక్రాల కుర్చీయే. నిరుడు బెంగళూరులో నెల రోజులు నేర్పించి, మోటార్లతో కాళ్ళను నడిపించే యంత్రాన్ని ఇంట్లో వాడి చూడమన్నారు. కాళ్ళకూ నడుముకూ పట్టీలతో బిగించుకుని, రెండు చేతికర్రల ఊతంతో నడవాలి. వెనక మా ఆయన కాపుగా ఉండాలి. అది వస్తోందని తెలిసి మామ సంబరపడిపోయాడు. అడక్కుండానే పాలిష్ మిషన్ తెచ్చి మా ఇంటి నేలంతా అద్దంలా చేశాడు.

యంత్రం తెచ్చినతను చూస్తుండగానే, రెండో అడుగుకు చేతికర్ర జారింది. మా ఆయన పట్టుకోకపోతే నా తల పగిలేది. చాపలు పరిస్తే అంచులు కాలికి తగులుతాయట. వారంలో మళ్ళీ వస్తాననీ, నేల ఇలాగే ఉంటే యంత్రాన్ని తీసుకుపోక తప్పదనీ చెప్పి వెళ్ళాడు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. అసలే నోటికి అడ్డు లేనిదాన్ని. ముందురోజు ఆ మెరుపు చూసి నేనూ మురిసిపోయిన సంగతి మరిచి, ఈ నునుపు నిన్నెవరడిగారని మామను అందరి ముందూ దులిపేశాను. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆరింటికే ఉలీ సుత్తీ పట్టుకుని వచ్చాడు. నా మంచం దగ్గరి నుంచి వరండా దాకా, రోటికి గంట్లు పెట్టినట్టు, ఒక్కో బండనూ కొట్టడం మొదలుపెట్టాడు. చూడలేక, వద్దులే మామా అన్నాను.

"ముప్పై ఏండ్లు నున్నగా చేసేది నేర్చుకుంటి. గరుకు చేసేది ఇప్పుడు నేర్చుకుంటాండా. గమ్మునుండు పాపా."

ఐదు రోజులు పట్టింది. యంత్రం మా ఇంట్లోనే ఉండిపోయింది. నేను క్షమించమని అడగలేదు, ఆయన ఎదురుచూడనూ లేదు. టీ మాత్రం రోజూ తాగాడు. ఆ తర్వాత సాయంత్రం నేను నడిచే వేళకు వచ్చి గోడకు ఆనుకుని కూర్చునేవాడు. బ్యాటరీ ఛార్జింగులో ఉంటే, "ఏమప్పా, తిన్యావా లేదా?" అని యంత్రాన్నే పలకరించేవాడు. నన్ను మెచ్చుకున్నది ఎప్పుడూ లేదు. నా అడుగుల చప్పుడు సమంగా ఉంటే తల ఊపేవాడు. నాకు అదే చాలా ఇష్టంగా ఉండేది.

ఆ మధ్యాహ్నమే జుమ్మా నమాజు వేళకు ఆయనను మసీదుకు తీసుకువెళతారని తెలిసింది. కుర్చీలో కూర్చుని ఆయనను సాగనంపడానికి నాకు మనసొప్పలేదు. పట్టీలు బిగించడానికే పావుగంట పైన పడుతుంది. మా ఆయన వంగి చివరి పట్టీ లాగుతుండగా వీధి చివర కలిమా చదువుతున్న గొంతులు వినిపించాయి. లేచాను. అడుగు తర్వాత అడుగు, తొందరపడకుండా, వరండా చివరికి చేరేసరికి మామ జనాజాను మోసుకుంటూ వాళ్ళు మా ఇంటి ముందుకు వచ్చారు.

ఇన్నేళ్ళూ ఎవరిని తీసుకువెళుతున్నా, కుర్చీలోంచి నాకు మోసేవాళ్ళ నడుములూ చేతులే కనబడేవి. ఆ రోజు వాళ్ళ భుజాల మీదుగా ఆకుపచ్చ గుడ్డ కనబడింది, దాని మీద పరిచిన మల్లెపూలు కనబడ్డాయి. భుజం మార్చుకోవడానికి వాళ్ళు మా వాకిట ఒక్క క్షణం ఆగారు. రెండు పూలు జారి దుమ్ములో పడ్డాయి.