నిమ్మకాయ పులిహోరలో దిగిన రాకెట్

పోయిన మాఘంలో ఒక ఆదివారం పొద్దున, అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక ఉన్న బీడులో నాలుగడుగుల రాకెట్ ఒకటి పైకి పోకుండా పక్కకు తిరిగి, రెండు తాటిచెట్ల మధ్య నుంచి వచ్చి, విజయదుర్గ గారి పులిహోర తపేలాలో ముక్కు పెట్టి ఆగింది. పారాచూట్ ఆ తర్వాత, ఏ తొందరా లేకుండా విచ్చుకుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పులిహోర పాతిక మందికి వండినది. పైపొర తీసేస్తే ఇరవై మందికి వచ్చింది.

రాకెట్ చేసింది అంతయ్య. నల్లగొండ వైపు నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో ముప్పై ఏళ్లుగా బోరు మోటార్లకు వైండింగ్ చేస్తున్నాడు. లెక్కలు కట్టింది విజయదుర్గ గారి భర్త మురళీకృష్ణ, దిల్‌సుఖ్‌నగర్‌లో ఫిజిక్స్ కోచింగ్ చెప్పే సారు. కాలిన మోటారు బాగుచేయించుకోవడానికి వచ్చిన సారు, అది తయారయ్యేదాకా బల్ల మీద కూర్చుని రాకెట్ల సంగతులు చెప్పడంతో ఈ కథ మొదలైంది. రాకెట్‌ను పైకి తోసే, మందు కూరిన మోటారొక్కటీ సారు తెప్పించారు. మిగతాదంతా అంతయ్య చేతిపనే. బట్టల దుకాణంలో తాన్లు చుట్టే అట్టగొట్టం తెచ్చి, వైండింగ్ వార్నిష్ మూడు పూతలు పూశాడు. ప్లైవుడ్ రెక్కలు కోశాడు. పాత గొడుగు గుడ్డతో పారాచూట్ కుట్టాడు.

ముక్కు బరువుగా, తోక తేలిగ్గా ఉండాలని, తోక బరువెక్కితే రాకెట్ పక్కకు తిరుగుతుందని సారు చెప్పారు. రాకెట్‌ను దారానికి వేలాడదీసి, తూకం కుదిరిన చోట ఎర్రగీత గీశారు.

"ఇక దీనిమీద ఈగ వాలినా నాకు చెప్పాలి," అన్నారు. అంతయ్య తలూపాడు.

తీరా బీడులో కాలనీ జనమంతా చేరేసరికి, గింతమంది కండ్లు పడితే ఎట్ల అని అంతయ్యకు గుబులు పుట్టింది. సారు తీగలు కలుపుతుండగా, కొత్త బండికి కట్టినట్టు, నిమ్మకాయ, ఏడు మిరపకాయలు నల్లదారంతో తోకరెక్కకు కట్టేశాడు. ఈగ మాటే అన్నారు గాని, సారు నిమ్మకాయ మాట ఎత్తలేదు మరి.

రాకెట్ దిగిన ఊపుకు దారం తెగి అవన్నీ తపేలాలో పడ్డాయి. అది నిమ్మకాయ పులిహోర కావడంతో తపేలాలో నిమ్మకాయ, మిరపకాయలు కనబడినా ఎవరికీ అనుమానం రాలేదు. లింగస్వామి అనే పొరుగాయన పంటికి మాత్రం నల్లదారం తగిలింది. దాన్ని పక్కన పడేసి, సార్ లెక్క తప్పినట్టుంది కదా అని అంతయ్యను అడిగాడు.

అంతయ్య నేల చూస్తూ, "అట్లనే ఉన్నది," అన్నాడు.

ఆ రెండు మాటలూ అతన్ని తిననివ్వలేదు. పది రోజులు సారు వీధి తప్పించి చుట్టూ తిరిగి దుకాణానికి వెళ్లాడు. శనివారం దుకాణాలకు నిమ్మకాయలు కట్టే మనిషి వస్తే, వద్దని పంపేశాడు.

పదకొండో రోజున విజయదుర్గ గారు వచ్చారు. మోటారు కోసం కాదు.

"పాతికేళ్లు పాఠం చెప్పి, రెండు బరువులు సరిచూసుకోలేకపోయానంటూ మా ఆయన సెలవు పెట్టి కూర్చున్నారండీ. పుస్తకాలన్నీ అటకెక్కించేశారు. పైగా నా పులిహోరలో దారమొచ్చిందని కాలనీ అంతా ఒకటే చెప్పుకోవడం. నేను నల్లదారంతో తాలింపు వేస్తానా అంతయ్య గారూ?"

అంతయ్య చేతిలో రాగితీగ కింద పెట్టి లేచి నిలబడ్డాడు.

"దారం నాదే అమ్మా, నిమ్మకాయ గూడ నాదే; సార్ లెక్క తప్పలే."