యాభై ఏడు పళ్ళూ, పలక మీద లేని పేరూ

తెలుగునేల వదిలి వచ్చి నేను స్థిరపడిన ఈ పరాయి దేశపు ఊళ్ళో, గాలిమర తలుపు పక్కన ఒక ఇత్తడి పలక ఉంది. "1983లో ఈ మర చక్రాలను బాగుచేసినవారు: హోక్‌స్ట్రా, ఆయన కుమారుడు" అని దాని మీద చెక్కారు. ఆ ఏడాదంతా ఆ కుమారుడు డౌవె పట్నంలో కార్లు అమ్ముకుంటున్నాడు. మర ఎక్కింది, కొయ్య కోసింది, చక్రానికి పళ్ళు చెక్కి బిగించింది కూతురు ఆఫ్కె. అప్పుడామెకు ముప్ఫై ఏళ్ళు. ఇప్పుడు డెబ్బై దాటాయి. నలభై ఏళ్ళుగా ఆ పలక ముందునుంచే సైకిల్ తొక్కుకుంటూ పోతోంది. ఒక్కసారి కూడా నోరు తెరిచి అడగలేదు. అడగని మనిషికి అన్యాయం చేయడం మాకెంత సులువో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పొలాల్లో ఊరే నీటిని కాలవలోకి ఎత్తిపోసే మర అది. ఆ పని ఇప్పుడు మోటార్లు చేస్తున్నాయి. అయినా మర తిరగాలి; నిలిచిపోయిన మరను పురుగు తినేస్తుంది. అందుకే శనివారాల్లో మేం పదిమందిమి చేరి దాన్ని తిప్పుతాం. మర సంఘానికి పెద్ద సీట్సె.

పోయిన వసంతంలో, మర నెత్తిన టోపీలాంటి పైకప్పులో ఉన్న పెద్ద చక్రానికి పన్ను ఒకటి చిట్లింది. "ఎలాగూ విప్పుతున్నాం కదా, అన్నీ తీసి శుభ్రం చేద్దాం" అన్నాడు సీట్సె. సరేనన్నాం. రెండు రోజుల్లో యాభై ఏడు కొయ్యపళ్ళూ ఊడగొట్టి, పాత మైనం గీకేసి, నాలుగు పెట్టెల్లో కలిపి పోశాం. ఏ పన్ను ఏ గుంతలోదో ఒక్కరమూ రాసుకోలేదు.

మళ్ళీ పెట్టబోయినప్పుడు కానీ తెలివి రాలేదు. ప్రతి పన్నూ దాని గుంతకే సరిపోయేలా చెక్కింది. ఒకదాని చోట ఒకటి పెడితే కొన్ని దిగవు, కొన్ని ఆడతాయి. పట్నం కంపెనీవాళ్ళు వచ్చి చూసి, "అన్నీ పారేయండి, కొత్తవి చేస్తాం, రెండేళ్ళు పడుతుంది" అన్నారు. రెండేళ్ళు మర నిలిచిపోవాలన్నమాట.

"ఆఫ్కెను పిలుద్దాం" అన్నాను నేను.

సీట్సె నవ్వాడు. "నాన్న వెనకాల సంచీ మోసిన మనిషి. పిలవండి, కాఫీ మాత్రం బాగా పెడుతుంది."

ఆమె వచ్చింది. పెట్టెల్లోకి తొంగిచూసింది.

"ఏం సీట్సె, బంగాళాదుంపలనుకున్నావా? కుప్ప పోసినట్టు పోశావు."

"ఏదో పొరపాటు, ఆఫ్కె."

"పొరపాటు కాదు, బద్ధకం. మీ నాన్న అచ్చం ఇంతే."

ఒక పన్ను తీసి, గుంతలో దాగిపోయే తోక భాగం మీద బొటనవేలు రాసింది. "నలభై మూడు" అంది. ఇంకోటి తీసింది. "తొమ్మిది."

అందరం దగ్గరికెళ్ళి చూశాం. తోక మీద, ఏ గుంతదో చెప్పే అంకెలా, కత్తితో పెట్టిన సన్నని గాట్లున్నాయి. వాటి చివర, అన్నింటికీ ఒకేలా, వంకర గీత ఒకటి.

"ఇదేమిటి?" అన్నాను.

"అది నేను."

"మీ నాన్నకు తెలుసా?"

"ఎందుకు తెలీదు? ఒక పన్ను తీసి చూశాడు. గుంతలో పెట్టి సుత్తితో దిగ్గొట్టేశాడు."

పదకొండు రోజులు పనిచేసింది. చిట్లిన పన్ను తోకదాకా ముక్కలైపోయింది; దాని బదులు కొత్తది చెక్కింది. ఒక్కో పన్నునూ దాని గుంతలో దించి, వెనక చీల మాతో కొట్టించి, తేనెమైనం పట్టించింది. మధ్యాహ్నం మేమంతా కింద బల్ల చుట్టూ కూర్చునేవాళ్ళం. ఆమె మాత్రం పైనే, చక్రం పక్కన, రొట్టే చీజూ ఒళ్ళో పెట్టుకుని తినేది.

"కిందికి రండి, కుర్చీ వేశాం" అన్నాను ఒకరోజు.

"అప్పుడు నాకు కింద కుర్చీ ఉండేది కాదు. ఇప్పుడుందని నా కాళ్ళకి తెలీదులే" అంది.

పన్నెండో రోజున మర తిరిగింది. కిర్రుమనలేదు. తర్వాత రెక్కలను సంతోషపు నిలుపులో ఆపాం. అంటే, శుభవార్తకు ఇక్కడి ఆనవాయితీ ప్రకారం, పైకి లేస్తున్న రెక్క నడినెత్తికి చేరడానికి కాస్త ముందే ఆగాలి. సీట్సె లేచి, "హోక్‌స్ట్రా కుటుంబం పనితనం" అని ఉపన్యాసం ఇచ్చాడు. అప్పటికే ఆమె సైకిలెక్కి వెళ్ళిపోయింది.

నేను వాళ్ళింటికి వెళ్ళాను. గట్టు మీద ఒంటరి ఇల్లు. బల్ల మీద కాఫీ కప్పు ఒక్కటే ఉంది. నాకోసం రెండోది అలమరలోంచి తీసి, దుమ్ము కడిగి, కాఫీ పోసింది.

"పలక మీద మీ పేరు వేయిద్దాం."

"ఇప్పుడెందుకు?"

కిటికీలోంచి మర వైపు చూపించింది.

"నాన్న పోయినప్పుడు మూడు రోజులు రెక్కలు దుఃఖపు నిలుపులో ఉన్నాయి, నడినెత్తి దాటి కిందికి వాలినట్టు. పోయినేడాది డౌవె పోయినప్పుడూ అలాగే ఉంచారు. వాడు మర మెట్లెక్కిన పాపాన పోలేదు. పలక మీద ఉన్నాడని ఉంచారు." కప్పు పక్కన పెట్టింది. "నేను పోయిన రోజున ఏం చేస్తారో నీకేమైనా తెలుసా?"

నాకు తెలుసు. పలక మీద పేరున్నవాళ్ళకే అని సంఘం నిబంధన. మామూలు రోజులాగే తిప్పుతాం. కాఫీ తాగేసి వచ్చేశాను.

సంఘానికి అర్జీ పెట్టాను. "ఆధారం ఏది?" అని సీట్సె అడిగాడు. ఆధారాలు యాభై ఆరున్నాయి. వాటిని మా చేతులతోనే మళ్ళీ గుంతల్లో దిగ్గొట్టాం, ఆఫ్కె నాన్నలాగే. కానీ చూసిన కళ్ళు పది జతలు ఉన్నాయి. ఆ పదిమందిలో ఇప్పటికి సంతకం పెట్టింది ముగ్గురం.

అక్టోబరు మొదటి శనివారం సంఘం సమావేశం. ఇది చదివినవారు మా మరకు ఒక్క ఉత్తరం రాయండి. తెలుగులోనే రాయండి, ఫర్వాలేదు, నేను చదివి వినిపిస్తాను. మీ ఊళ్ళోనూ ఏ వంతెన మీదో, ఏ బడి గోడ మీదో ఇలాంటి పలక ఉంటుంది. దాని ముందు నిలబడి, ఇందులో ఎవరి పేరు లేదని గట్టిగా అడగండి. ఆ మనిషి బతికుండగానే అడగండి.

మాకు రాసే ఉత్తరంలో మాత్రం పేరు పెద్ద అక్షరాలతో రాయండి: ఆఫ్కె హోక్‌స్ట్రా, గాలిమరల వడ్రంగి.