కొలతల కంప్యూటర్‌కి ఆ రాత్రి జవాబు చెప్పిందెవరు?

అమీర్‌పేటలో పైథాన్ ప్రోగ్రామింగ్ పాఠాలు చెప్పుకొని తింటున్న అన్నం మీద ఒట్టు. ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించింది కాదు. నవ్వాలనుకుంటే నవ్వండి... నేనూ నవ్వుతూనే చెబుతున్నాను. ఆ రాత్రి మాత్రం నవ్వు రాలేదు.

మా చిన్నాయనది పంజాగుట్టలో టైలర్ షాపు. ఇరవై ఏళ్లుగా గిరాకీల కొలతలన్నీ ఒక పాత కంప్యూటర్‌లోనే ఉన్నాయి. వాటిని ఎక్కించింది చిన్నమ్మ. ఒక్క చూపుడువేలుతో. అది కూడా ముందు పక్క మీట నొక్కి, "అయ్యో" అని చెరిపి, అప్పుడు సరైనది కొడుతుంది. ఆ కంప్యూటర్ ఇవాళో రేపో అన్నట్టుంది. ముందేమో పెళ్లిళ్ల సీజన్. కొలతలు పోతే షాపే పోయినట్టు.

"కొలతలన్ని జర జల్ది బయటికి తీసియ్యి బిడ్డా," అన్నాడు చిన్నాయన.

"ఫికర్ జెయ్యకు చిన్నాయనా, ఒక్క రాత్రి పని," అన్నాను. మనకు పని కంటే నోరు ముందు.

చిక్కేమిటంటే, ఆ పాత ప్రోగ్రాం ఒక్కొక్కరి కొలతలు బయటికి తీసి, "ఇంకొకరివి తీయాలా?" అని అడుగుతుంది. ఎదురుగా మనిషి కూర్చొని జవాబు కొట్టాలి. అంతమందికి ఎవడు కూర్చుంటాడు? అందుకే పైథాన్‌లో ఒక స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాం, రాశాను. అది ఆ ప్రోగ్రాంను తన చైల్డ్ ప్రాసెస్‌గా, అంటే తన చెప్పుచేతల్లో నడిచే బిడ్డగా పుట్టించి, తెరా కీబోర్డూ ఉన్నట్టు నటించే ఒక ఉత్తుత్తి టెర్మినల్ ముందు కూర్చోబెడుతుంది. అవతల నిజంగా మనిషే ఉన్నాడని అది నమ్ముతుంది. ఏం అడిగినా నా స్క్రిప్టు "ఎస్" అంటుంది.

ఇది విని చిన్నమ్మ పడీ పడీ నవ్వింది. "ఏదడిగినా అవునంటే పిల్లలు ఆగమైతరు బిడ్డా," అంది.

వాళ్లిద్దరూ బోరబండలో ఇంటికి వెళ్లిపోయారు. నేను షట్టర్ లోపలినుంచి దించుకున్నాను. కీబోర్డు తీసి కుట్టుమిషన్ మీద పెట్టాను. ఫ్లాస్కులో టీ ఉంది. తీయాలా? ఎస్. తీయాలా? ఎస్. చూస్తూ ఈల వేసుకుంటున్నాను.

రెండు కావస్తోంది. గరగరమంటున్న కంప్యూటర్... టక్కున ఆగింది. బయట ఒక్క బండి చప్పుడు కూడా లేదు. తెర మీద కొత్త ప్రశ్న. నేనెన్నడూ చూడనిది.

డిస్కు నిండిపోయింది. పాత కొలతలన్నీ తుడిచేయాలా?

అప్పటికి సగమే బయటికి వచ్చాయి. నా స్క్రిప్టుకు వచ్చిన జవాబు ఒక్కటే... ఎస్. ఆపుదామంటే కీబోర్డు దూరంగా ఉంది.

అప్పుడు పడింది... "బి".

స్క్రిప్టు కొడితే మాట మొత్తం ఒకేసారి పడుతుంది. ఇది ఒక్క అక్షరం. పడి... ఆగింది. ఆ "బి" చెరిగిపోయింది. మెల్లగా... దాని పక్క మీట, "ఎన్". మళ్లీ ఆగి... "ఓ". ఆ తర్వాత ఎంటర్.

నో.

ప్రోగ్రాం బుద్ధిగా ఆగిపోయింది. కొలతలన్నీ భద్రం. కీబోర్డు మిషన్ మీదే ఉంది. దాన్ని ఎవరైనా నొక్కితే స్క్రిప్టును ఆపొచ్చు గానీ, ఆ అక్షరాలు ప్రోగ్రాం దాకా చేరవు. ఏం పంపినా ముందు రాసిపెట్టుకుంటుంది. ఆ "నో" పంపినట్టు ఎక్కడా రాసి లేదు. షట్టర్ ఎత్తి, చెప్పుల్లేకుండా రోడ్డు మీదికి ఉరికాను.

పొద్దున ఇడ్లీలు పట్టుకొచ్చిన ఇద్దరికీ అంతా చెప్పాను.

"నన్నెందుకు జూస్తున్నవ్? నేను కండ్లనిండ నిద్రపోయిన," అని చిన్నమ్మ నవ్వింది.

చిన్నాయన నవ్వలేదు. మోచేతి కింద రుద్దుకుంటున్నాడు. "ఏం నిద్ర? నడిరాత్రి కండ్లు మూస్కొనే నా చెయ్యి మీద వేలుతోని పొడిచింది. ఒకసారి పొడిచి 'అయ్యో' అన్నది సుత. మల్ల మెల్లగ పొడిచింది."

"మొత్తం ఎన్నిసార్లు చిన్నాయనా?"

"ఐదు."

వేళ్ల మీద లెక్కపెట్టాను. బి, చెరపడం, ఎన్, ఓ, ఎంటర్. చిన్నమ్మ నా మొహం చూసి మళ్లీ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, ఆ పూట ఉన్నంత రుచిగా ఇడ్లీ ఎప్పుడూ లేదు.

డిస్కు ఖాళీ చేసి, మిగతా సగం పగటిపూటే తీశాను. పెళ్లి బట్టలన్నీ వేళకు కుట్టారు. ఆ "నో" ఎలా పడిందో ఇప్పటికీ తెలియదు. స్క్రిప్టులోనే ఏదో తప్పుండొచ్చు. చాలా వెతికాను... దొరకలేదు. ఇప్పుడు మాత్రం రాత్రిపూట ఏ స్క్రిప్టు వదిలినా, ముందు చిన్నమ్మకు ఫోన్ చేసి తొందరగా పడుకోమని చెబుతాను.