నలభై ఒక్క ఎర్ర చుక్కలు

ఆఫీసులో అందరూ బిల్డక్క అని పిలిచే ఆవిడ పొగడ్తంటే చెవి కోసుకుంటుంది. అందరి ప్రోగ్రాములూ కూర్చి నడిచేలా చూడడం, వాళ్ల భాషలో ‘బిల్డ్’, పదకొండేళ్లుగా ఆమె పని. ఆ పనిని ఎవరు పొగుడుతారు? నడిచినన్నాళ్లూ ఆమె ఉందన్న సంగతే ఎవరికీ పట్టదు. ఆగిందా, అందరికీ ఆమే గుర్తొస్తుంది.

వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో ముప్పై రెండు ప్రాజెక్టులు. రన్ నొక్కగానే వాటిలో ఏ మూడు మొదలవ్వాలో ఎవరి కంప్యూటర్‌లో వాళ్లే చెప్పుకోవాలి. ఆ ఎంపిక అందరూ పంచుకునే కోడ్‌లో ఉండదు, ఎవరి కంప్యూటర్‌లో వాళ్లకుండే ఒక దాపుడు ఫైలులో ఉంటుంది. అదేమో చీటికీ మాటికీ చెదిరిపోయేది. పొద్దున్నే పాతికమందీ తప్పు ప్రాజెక్టు నడిపి, తెర ఖాళీగా కనిపించేసరికి ఆమె బల్ల ముందు బారులు తీరేవాళ్లు. వేగలేక ఆమె ఒక స్క్రిప్టు, అంటే ఓ చిన్న ప్రోగ్రాము, రాసింది. ఎవరు కొత్త కోడ్ తెచ్చుకున్నా అది దానంతటదే నడిచి, పాత దాపుడు ఫైలు తీసేసి, ఆ మూడు ప్రాజెక్టులతో కొత్తది పెడుతుంది.

ఆ ఫైలులో ఇంకొకటి కూడా ఉంటుందని ఆమెకు తెలుసు. తప్పులు వెతికేటప్పుడు ప్రోగ్రాము ఎక్కడ ఆగాలో గుర్తుగా పెట్టుకునే ఎర్ర చుక్కలు. వాటిని పోనివ్వకుండా రాయాలంటే మరో రెండు రోజులు పడుతుంది. ‘రేపటి దాకా చుక్కలు దాచుకునేదెవరులే’ అనుకుని, స్క్రిప్టును అలాగే అందరికీ పెట్టేసింది. సోమవారం మేనేజరు అందరి ముందూ ఆమెకు చప్పట్లు కొట్టించాడు. ఆమె కాళ్లు నేల మీద ఆనలేదు.

దాచుకునే మనిషి ఒకాయన ఉన్నాడు. అందరికంటే పెద్దవాడు, కొత్తవాళ్లకు ఓపిగ్గా పని నేర్పుతాడు కనక అందరూ మాస్టారని పిలుస్తారు. ఎవరికీ చిక్కని ఒక తప్పు కోసం నెలరోజులుగా కోడంతా గాలిస్తూ, అనుమానం వచ్చిన చోటల్లా చుక్క పెట్టుకున్నాడు. మొత్తం నలభై ఒకటి. మంగళవారం వచ్చి చూస్తే ఒక్కటీ లేదు.

“నేనే తీసేసుంటానమ్మా, గుర్తులేదు,” అన్నాడు కాఫీ మెషిన్ దగ్గర, సరిగ్గా ఆమెతోనే. “మా అన్నయ్యకీ ఇలాగే మొదలైంది. ముందు చిన్నచిన్నవి మర్చిపోయేవాడు. చివరికి నన్నే మర్చిపోయాడు.”

చుక్కలు ఎలా పోయాయో ఆమెకు తెలుసు. ఒక్క మాట చెబితే సరిపోయేది. నిన్నటి చప్పట్లు ఇంకా చెవుల్లో మోగుతుంటే ఆ మాట ఎలా వస్తుంది? “పని ఎక్కువై అలా అనిపిస్తోందండీ మాస్టారూ, కాస్త రెస్ట్ తీసుకోండి,” అంది. పైగా కాఫీ కూడా పట్టి ఇచ్చింది. ఎంత సిగ్గుమాలిన పని!

బుధ, గురువారాల్లో తేలు కుట్టిన దొంగలా కూర్చుని, చుక్కలు పోకుండా స్క్రిప్టు సరిచేసింది. ఇక గొడవ వదిలిందనుకుంది. శుక్రవారం మేనేజరు వచ్చి, “మాస్టారు పని అంతా అప్పజెప్పేసి మానేస్తానంటున్నారు. మతిమరుపు వచ్చిందట,” అన్నాడు.

తన మీద తనకే అసహ్యమేసింది. తిన్నగా ఆయన బల్ల దగ్గరికి వెళ్లింది.

“మాస్టారూ, మీరేం మర్చిపోలేదు. మీ చుక్కలు తీసేసింది నా స్క్రిప్టు. పోతాయని నాకు ముందే తెలుసు. కాఫీ దగ్గర మీరు చెప్పిన రోజూ తెలుసు.”

ఆయన తిడతాడనుకుంది. తిడితే బాగుండును కూడా. ఆయన నవ్వాడు, కళ్లు తుడుచుకున్నాడు, వెంటనే ఇంట్లో ఉన్న భార్యకు ఫోన్ చేశాడు.

“ఏమోయ్, నాకేం కాలేదట! అది కంప్యూటర్ చేసిన పనట.” కాసేపు విన్నాడు. ఆయన మొహంలో నవ్వు తగ్గింది. ఫోన్ ఆమెకు అందించాడు. “నన్ను ఓదార్చడానికి ఎవరో అలా చెప్పారంటోందమ్మా. కాస్త నువ్వే చెప్పు.”

“అమ్మా, నాకు నిజం చెప్పు,” అంది అవతలి గొంతు. “మూడు రోజుల్నుంచీ లేవగానే మా పిల్లల పేర్లు వల్లె వేసుకుంటున్నారు, మర్చిపోతానేమోనని.”

“తప్పు నాదేనండీ,” అంది బిల్డక్క. పక్కవాళ్లకు వినపడకుండా, మెల్లగా.

“వినపడలేదమ్మా, గట్టిగా చెప్పు.”

చుట్టూ తలలన్నీ ఇటు తిరిగాయి. ఆమె గట్టిగా చెప్పింది.