ఆసామి లేని ఆంబోతు

మా అత్తగారి ఊరు నూజివీడు నుంచి విస్సన్నపేట వెళ్ళే దారికి రెండు మైళ్ళు లోపల. కాపురానికి వెళ్ళిన మొదటి వారంలోనే ఒక ఆంబోతు వంటింటి గుమ్మంలో తల పెట్టి బుస్సుమంది. నేను కెవ్వున అరిచాను. అత్తయ్య నవ్వి, కుడితి బానను దాని ముందుకు జరిపి, "పెద్దాయనే అమ్మాయ్, భయపడకు" అంది.

మామగారు పోయిన పదకొండో రోజున ఆయన పేరు మీద ఒక కోడెదూడకు తొడ మీద అచ్చువేసి ఊరిమీద వదిలారట. అలా వదిలినదానికి ముక్కుతాడు ఉండదు, మెడలో పలుపు ఉండదు, నాగలికి కట్టేవాడు ఉండడు. మామగారిని నేను చూడలేదు. నాకు తెలిసిన మామగారు ఆ ఆంబోతే. పనీపాటా లేని మగాణ్ణి అచ్చోసిన ఆంబోతని తిడతారు గానీ, మా పెద్దాయనకు ఊళ్ళో ఆవులన్నిటితోనూ తీరిక ఉండేది కాదు. మామిడితోటల్లో రాలిన రసాలను టెంకతో సహా నమిలేసేది. కూరపాదుల్లో పడితే అదిలించేవాళ్ళే గానీ కర్ర ఎత్తేవాళ్ళు కాదు. ఊరి చివర పేటలో క్రైస్తవుల ఇళ్ళ ముందు కూడా దానికి గంజి దొరికేది.

మా వైపు కలెక్టరు అంటే ముక్కున్న మామిడికాయ. అసలు కలెక్టరును చూసినవాళ్ళు ఊళ్ళో లేరు. పంతొమ్మిదివందల అరవై దాటిన కొత్తల్లో పంచాయతీ సమితి వచ్చింది, దాని వెనకే కాగితాలు వచ్చాయి. పల్లెల్లో పశువుల జాతి పాడైపోయిందట. నాటు కోడెలన్నిటికీ విత్తులు నొక్కేయాలట. లైసెన్సు ఉన్న మేలుజాతి కోడె విస్సన్నపేటలో ఉంటుంది, ఆవు ఎదకొస్తే ముందు చీటీ రాయించుకుని అక్కడిదాకా తోలుకెళ్ళాలట. చీటీ వచ్చేదాకా ఎద ఆగుతుందా అని ఆ రాసినవాడికి తోచలేదు. వాడికి ఆవు ఉండి ఉండదు.

మొదటిసారి గ్రామసేవకుడు, పశువుల డాక్టరు వచ్చినప్పుడు ఊరు ఊరంతా ఒక్క మాట మీద ఉంది. ఆడవాళ్ళం పెద్దాయన్ని తోట లోపలికి తోలేసి, గంపలు పట్టుకుని కాయలు ఏరుతున్నట్టు నిలబడ్డాం.

"ఆంబోతేదమ్మా?" అన్నాడు డాక్టరు.

"ఏ ఆంబోతండీ?" అన్నాం.

సరిగ్గా అప్పుడే అది లోపలి నుంచి రంకె వేసింది. "మా ఆవండీ, దానికి కాస్త గొంతు పెద్దది" అంది మా పాలేరు భార్య. డాక్టరుకు కూడా నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి గెలిచామనుకున్నాం.

నెల తిరక్కుండా చావడి గోడకు నోటీసు అంటించారు. ఆసామి లేని పశువులన్నిటినీ బందెలదొడ్డికి తోలుకుపోతారట. గ్రామసేవకుడు మంచివాడే. మా అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి, "ఎవరో ఒకరు ఆసామినని రాసిస్తే తోలుకుపోరండీ" అని చెప్పి, కాగితం కూడా ఇచ్చి వెళ్ళాడు.

అత్తయ్య ఒప్పుకోలేదు. "దానికి ఆసామి ఉండటమేంటే? వదిలేశాంగా" అంది.

నేను ఎస్సెల్సీ ప్యాసైన కోడల్ని. నాకు తెలియనిదేముంది? "కాగితంలో మాటే కదత్తయ్యా. కాగితంలో మనది, బయట ఊరిది" అని నచ్చజెప్పాను. ఆసామి పేరు అని ఉన్న చోట ఆవిడ పేరు గుండ్రంగా రాశాను. ఆవిడ బొటనవేలు పట్టుకుని నేనే సిరా అద్ది ముద్ర వేయించాను. ఆ రోజంతా నా తెలివికి నాకే పొగరుగా ఉంది.

ఆసామి లేనంతకాలం దాన్ని ముట్టుకోవాలంటే వాళ్ళకు ఊరంతటితో పేచీ. ఆసామి దొరికాక పేచీ ఒక్క ముసలావిడతోనే. ఆ తేడా నా చదువుకు అందలేదు. పది రోజులకు అత్తయ్య పేరు మీద ఇంకో కాగితం వచ్చింది. లైసెన్సు లేని కోడెను ఆసామి స్వయంగా చావడి దగ్గరకు తెచ్చి అప్పగించాలి, లేకపోతే కేసు. అదీ నేనే చదివి వినిపించాను. మా ఆయన కరణం దగ్గరకు పరిగెత్తాడు. "మీదేనని మీరే రాసిచ్చారు కదండీ" అన్నాడు కరణం. ఈసారి ఊరు మా వెనక రాలేదు. వదిలేసినదాన్ని మళ్ళీ ఇంటికి రాయించుకున్నామని అప్పటికే గుసగుసలు బయల్దేరాయి.

చెప్పిన రోజుకు పోలీసుతో వచ్చారు. దానికి పలుపు వేయడానికి ఒక్క మగాడూ కదల్లేదు. కొడుకును స్టేషనుకు తీసుకెళ్తామనేసరికి అత్తయ్య లేచి, చేటలో తవుడు పోసుకుని చావడి వైపు నడిచింది. ఆ చేటలో మూతి పెట్టుకుంటూ అది ఆవిడ వెనకే వెళ్ళింది. వచ్చిన బంట్రోతులు నలుగురు దాన్ని పడేసి కట్టారు. అది అరిచిన అరుపు గురించి నేను రాయను. డాక్టరు పటకారు తుడుచుకుని, 'ఎద్దు ఒకటి' అని చీటీ రాసి అత్తయ్య చేతిలో పెట్టాడు. ఆయన ఉద్యోగం ఆయన చేశాడని మా ఆయన అనేవాడు. నాకు మాత్రం ఆయనంటే ఇప్పటికీ కసే.

మళ్ళీ వదిలితే బందెలదొడ్డికి పోతుంది కాబట్టి దొడ్లో కట్టేశాం. కాయల కాలంలో ఒకాయన వచ్చి, "మీ ఎద్దు ఖాళీగానే ఉందిగా, బండికి ఇస్తారా?" అని అడిగాడు. అత్తయ్య దానికి వేళకు మేత వేసేది, కుడితి పెట్టేది. పెద్దాయన అని మాత్రం పిలవలేదు. అసలు ఏమనీ పిలవలేదు.

మరుసటేడు మేలుజాతి కోడెకు జబ్బు చేసిందని ఎక్కడికో తోలుకుపోయారు. ఊళ్ళో సగం ఆవులు చూలు కట్టలేదు. అప్పుడు కొత్త గ్రామసేవకుడొకాయన ఇంటింటికీ తిరుగుతూ, దూడలు ఎందుకు తగ్గాయో రాసిమ్మని ఒక కాగితం పట్టుకుని మా ఇంటికీ వచ్చాడు. అత్తయ్య, నేను అరుగు మీద మామిడి ఒరుగులు ఎండబోస్తున్నాం.

"ఊళ్ళో చదువుకున్న ఆడవాళ్ళు మీరేనటగా, కాస్త రాసిపెట్టండి" అని ఆయన నాకు కలం అందించాడు.

అత్తయ్య తల ఎత్తలేదు. "దానికి చదువు రాదు నాయనా" అంది.

ఆంబోతు సంగతిలో ఆవిడ నన్ను అన్న మాట అదొక్కటే. నేను కాదనలేదు.