మెట్ల టైలరమ్మ

ఆ వీధిలో ఎవర్నడిగినా మెట్ల టైలరమ్మ దుకాణం చూపిస్తారు. తీరా వెళ్తే అక్కడ ఒక్క మెట్టు కూడా ఉండదు. పొడవాటి బల్ల, కిటికీ పక్కన కుట్టుమిషను, అంతే. ఆ పేరు పెట్టింది సాక్షాత్తూ ఆమె ఆడపడుచు.

పెళ్ళైన కొత్తలో, మిషను నేర్చుకుని మూణ్ణెల్లు కూడా కాకముందే, టైలరమ్మ ఆ ఆడపడుచు మొగుడికి అడ్డచారల చొక్కా కుట్టింది. బట్టను మడతపెట్టి రెండు పొరలూ ఒకేసారి కోసింది. కింది పొర వేలెడు జారిందని చూసుకోలేదు. ఆయన బొత్తాలు పెట్టుకునేసరికి ఎడమవైపు చారలు పైన, కుడివైపు చారలు కింద! ఇంటినిండా చుట్టాలు.

"ఇదేం చొక్కానే? చారలన్నీ మెట్లెక్కి పోతున్నాయి!" అంది ఆడపడుచు.

అందరూ పగలబడి నవ్వారు. ఆమెకు తల కొట్టేసినట్టయింది. పేరు మాత్రం వీధిదాకా పాకి అక్కడే పాతుకుపోయింది.

ఆనాటినుంచి ఇరవై రెండేళ్ళుగా ఆమె చారల బట్టను మడతపెట్టి కోయనేలేదు. ఒక ముక్క కోస్తుంది. దాన్ని బట్టమీద బోర్లా పరిచి, చారమీద చార కూర్చోబెట్టి, ప్రతి చారకీ గుండుసూది గుచ్చి, అప్పుడు రెండోది కోస్తుంది. నాలుగు వీధుల అవతలినుంచి కూడా చారల బట్టలు ఆమెకే వస్తాయి. మరి ఆడపడుచు? ఆవిడ బట్టలు వేరే దుకాణానికి వెళ్ళేవి. ఆ ముల్లు ఒక్కటీ గుండెలో అలాగే ఉంది.

ఈమధ్య ఆవిడ కొడుక్కి ఉద్యోగం వచ్చింది. మొదటిరోజు వేసుకునే చొక్కా అత్తయ్యే కుట్టాలని పట్టుబట్టాడు. ఆవిడ బట్ట తెచ్చి బల్లమీద పడేసింది.

టైలరమ్మ విప్పి చూసింది. అడ్డచారలే! అదీ లావు చార, సన్న చార, మళ్ళీ ఖాళీ. ఇలాంటి బట్టలో ముక్కల్ని తలకిందులు చేసి సర్దడానికి లేదు, చారల వరస తిరగబడుతుంది.

"వదినా, ఇంకో అరమీటరు కావాలి."

"రెండు మీటర్లు చాలదా? అందరికీ చాలేది నీకే చాలదేం? ఆ బట్ట అయిపోయింది, ఇక దొరకదు. చేతకాకపోతే చెప్పు."

టైలరమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఈ చొక్కాతో వదిన నోరు మూయించకపోతే ఇన్నేళ్ళు కత్తెర పట్టి ఏం లాభం అనుకుంది.

"ఎల్లుండి రండి," అంది.

కాలరు లోపలి పొర, భుజాల లోపలి పొర తన దగ్గరున్న తెల్లబట్టతో వేసింది. చేతులు, ముందు, వెనక సరిపోయాయి. జేబుకి ముక్క లేదు! చంక దగ్గర కోసేసిన వంకర పీలికలు నేలమీంచి ఏరి, ఒక్కొక్కటీ ఛాతీమీద పెట్టి పైకీ కిందికీ జరిపింది. మధ్యాహ్నమంతా అదే పని. ఏడో పీలిక అతికినట్టు కూర్చుంది. అప్పుడుగానీ మంచినీళ్ళు తాగలేదు.

మూడోరోజు మేనల్లుడు చొక్కా తొడుక్కున్నాడు. ఆడపడుచు కళ్ళల్లో వత్తులేసుకుని వెతికింది. బొత్తాల దగ్గర, పక్కకుట్ల దగ్గర, చేతుల దగ్గర తప్పు దొరకలేదు. ఉన్నట్టుండి ఆవిడ మొహం వెలిగిపోయింది.

"జేబేదే? మర్చిపోయావు! నాకు తెలుసు, ఏదో ఒకటి చేస్తావని!"

ఆమె బల్లమీదున్న పెన్ను తీసి వాడి ఛాతీమీద చారల్లోకి దించింది. పెన్ను అక్కడే నిలబడింది.

ఆడపడుచు దగ్గరికొచ్చి వేళ్ళతో తడిమింది. అంచు చేతికి తగిలిందిగానీ కంటికి ఆనలేదు. ఆవిడ చెయ్యి చాలాసేపు అక్కడే ఉండిపోయింది. తర్వాత కొడుకుని తీసుకుని బయటికి నడిచింది.

గుమ్మం అవతల పక్కింటావిడ గొంతు. "చొక్కా భలే ఉందే! ఎవరు కుట్టారు?"

"మా మరదలు," అంది ఆడపడుచు. "దాని చెయ్యే చెయ్యి" అని కూడా అంది.

లోపల మిషను మీద టైలరమ్మ కాలు ఆగిపోయింది. కళ్ళు చెమ్మగిల్లాయి. ఇన్నేళ్ళ ముల్లు పోయింది. కానీ ఊరుకుంటుందా? కిటికీలోంచి తల బయటపెట్టి అరిచింది.

"మెట్ల టైలరమ్మ కుట్టిందని చెప్పండి వదినా! అలా చెప్తేనే జనానికి తెలుస్తుంది!"