కొండమీద చెయ్యని ప్రార్థన

అబద్ధమాడిన నోటిని ఇంకా మూయించకుండా ఉంచిన దేవునికి స్తోత్రం. ఆయన సహనం గొప్పది.

సౌదీలోని అల్ ఖోబర్‌లో నా గదిలో ఉండే, నేను చెల్లెలని పిలుచుకునే అమ్మాయి గుంటూరు వైపు ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్కు. ఆసుపత్రి నర్సు. నేను పాస్టరుగారి కూతుర్ని, ఒక సౌదీ పెద్దావిడకు ఇంటి నర్సుని. ఆ వేసవిలో పెద్దావిడ కుటుంబం ఆస్ట్రియాకు వెళ్తూ నన్నూ తీసుకెళ్లింది. డాన్యూబ్ నది పైన, కొండమీద పాత మఠం ఉన్న ఊరు చూస్తామన్నారు. నేను తిరిగొచ్చిన మర్నాడే చెల్లెలికి గుండె ఆపరేషన్.

"అక్కా, ఆ గుళ్లో మరియమాత ముందు నా కోసం ఒక్క కొవ్వొత్తి వెలిగించవే."

"గుడి కాదే, చర్చి అను."

"ఏదో ఒకటి. నీ వాక్యాలు బ్యాగులో పెట్టేసి వెలిగించు, తల్లీ!"

మఠంలో వరసగా కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. విగ్రహానికి మొక్కకూడదన్న బైబిలు రెండో ఆజ్ఞ తలచుకుంటూ నిలబడ్డాను. గెలిచినట్టు బయటికొచ్చాను.

బయట గోడ దగ్గర పెద్దావిడ చక్రాల కుర్చీ ఆపాను. కింద నది మెల్లగా పోతోంది. పెద్దావిడ అరబీలో అడిగింది: "జబ్బుపడ్డ నీ స్నేహితురాలికి దుఆ చేశావా?"

ప్రార్థన చెయ్యలేదు. కొవ్వొత్తి వెలిగించకుండా ఉండటంలోనే నా భక్తి అంతా అయిపోయింది. అక్కడే కళ్లు మూసుకుంటే సరిపోయేది. కానీ ప్రార్థన సంగతి నాకు ఈవిడ నేర్పాలా అని రోషమొచ్చింది. ఆమె శాలువా సర్ది, కుర్చీ తిప్పేశాను.

ఆపరేషన్ రోజు పొద్దున చెల్లెలు అడిగింది. "వెలిగించావా?"

"లేదు. విగ్రహాల ముందు నేను వెలిగించను. నీకు తెలుసుగా."

ఆమె ముఖం వాడిపోయింది. నిజం చెప్పానని నాకు గర్వంగానే ఉంది.

"పోనీ, ప్రార్థనైనా చేశావా?"

"చేశాను."

"అయితే చాల్లే అక్కా." పక్కనున్న నర్సుతో నవ్వుతూ అంది: "మా అక్క కొండెక్కి మరీ నా కోసం ప్రార్థన చేసిందిలే. నాకేం కాదు."

స్ట్రెచర్ కదిలాక వరండాలో మోకరించాను. ఆ అబద్ధం దాటి ఒక్క మాటా రాలేదు. చెల్లెలు థియేటర్ నుంచి ప్రాణంతో రాలేదు.

చనిపోయినవారి కోసం మా సంఘం ప్రార్థించదు. సండే స్కూల్లో పిల్లలకు నేనే అలా నేర్పాను. అందుకే ఆమె కోసం ఇప్పుడు అడగలేను. చదువుతున్న మీరు ఒక్క నిమిషం నాతో తల వంచండి. ప్రార్థన చెయ్యమని మిమ్మల్ని అడిగినవాళ్లు బతికే ఉంటే, ముందు వాళ్ల పేరు చెప్పండి. తర్వాత నన్ను తలచుకోండి.